చాలన్నాక

విశాఖ బీచ్ హోటళ్లన్నిటిలోనూ ఇప్పుడు వడ్డించేవి యంత్రాలే. భార్య పోయాక మొదటిసారి ఒంటరిగా అక్కడ దిగిన గౌరీపతి, సముద్రం కనబడే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నాడు. యంత్రం ఒక్క గరిటె అన్నం, కాస్త చేపల పులుసు వేయగానే అలవాటుగా "చాలు, చాలు" అన్నాడు. అది వినయంగా తలవంచి వెళ్లిపోయింది. ఇంట్లోనైతే ఆయన చాలన్నాకే అసలు వడ్డన మొదలయ్యేది. ఆకలితో కంచంలోని ఆ గరిటెడు అన్నం వంక చూస్తూ ఉండిపోయాడు.

పక్క బల్ల దగ్గరి పెద్దావిడ నవ్వింది. "ఏటి బాబూ, యంత్రం కాడ మొగమాటమేటి? వచ్చిన్రోజు నేనూ ఇలాగే పస్తున్నాను."

ఆమె తన పులుసు గిన్నెతో లేచి వచ్చింది. గౌరీపతి కంగారుగా కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆయన వేళ్ల సందుల్లోంచే ఆమె పోసేసింది.