గుర్వమ్మ పూజించిన పిస్తోలు

"కేసు పెడితే పెట్టుకో సారూ, ఇదైతే ఇయ్య" అని గుర్వమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. ఒళ్లో కొంగు కప్పిన పిస్తోలు. డెబ్బై ఏళ్ల ముసలిదాన్ని లేపి గుంజుకునే ధైర్యం ఎస్సైకి లేదు. అట్లాగని వదిలిపోయే వీలూ లేదు. ఎన్నికల కోడ్ వచ్చింది, ఊళ్లలోని ఆయుధాలన్నీ ఠాణాకు చేరాలి. కొల్లాపూర్ పక్క పల్లెలో లైసెన్సు లేని పిస్తోలు పసుపు కుంకుమలతో పూజలందుకుంటున్నదని ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ చేసి చెప్పాడు మరి.

అది కార్గిల్ నుంచి వచ్చింది. గుర్వమ్మ ఒక్కగానొక్క కొడుకు బీరప్ప ఆ యుద్ధంలోనే పోయాడు. తగిలిన గుండు శత్రువుల తుపాకిదేనని మిలిటరీ కాగితంలో ఉంది. అతనితోపాటే పటాలంలో చేరిన ఐలేశం మాత్రం ప్రాణాలతో ఊరు చేరాడు. కొండ దిగిన సిపాయిలు కత్తో, టోపీయో, శత్రువుది ఏదో ఒకటి గురుతుగా పెట్టె అడుగున దాచి తెచ్చుకునేవారట. "నా కొడుకు గురుతు ఏదిరా?" అని గుర్వమ్మ గుండెలు బాదుకుంటే, ఐలేశం తన పెట్టె తెరిచి ఆ పిస్తోలు ఆమె చేతిలో పెట్టాడు. బీరప్పే శత్రువు చేతిలోంచి గుంజుకున్నాడని చెప్పాడు.

ఇక చూడాలి! ఇరవై నాలుగేళ్లుగా ప్రతి దసరాకూ గొర్రెల ఉన్ని తీసే కత్తెర పక్కన దాన్ని పెట్టి, బొట్టు పెట్టి, యాటపోతును కోసేది. జమ్మి ఆకు మొదట ఐలేశం చేతికే ఇచ్చేది. వాడు ఆమె కాళ్లు మొక్కి, ముక్క ముట్టకుండా వెళ్లిపోయేవాడు. నీసు మరిచిన కురుమోణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశానని గుర్వమ్మ ఎగతాళి చేసేది.

ఎస్సై ఆలోచించి ఒక దారి చెప్పాడు. బీరప్ప పేరు రాసి మిలిటరీవాళ్లు దీన్ని అద్దాల పెట్టెలో పెట్టేటట్టు పైకి రాస్తానన్నాడు. కళ్లారా చూసినవాడు జరిగింది రాసిస్తే చాలన్నాడు. గుర్వమ్మ మొఖం విప్పారింది. కొడుకు పేరు పదిమంది చదువుతారంటే ఏ తల్లికి చేదు? వెంటనే ఐలేశాన్ని పిలిపించింది.

ఐలేశం తెల్లకాగితాన్ని ఎస్సై వైపే వెనక్కి నెట్టాడు.

"ఉత్తగనే ఇచ్చెయ్యి పెద్దమ్మా. రాతలెందుకు?" అన్నాడు.

గుర్వమ్మకు ఒళ్లు మండింది. తన కొడుక్కు పేరొస్తుంటే వీడికి కడుపుమంట అనుకుంది.

"నువ్వు బతికొచ్చినవ్. పెండ్లి చేసుకున్నవ్, పిల్లల్ని కన్నవ్. నా కొడుక్కు పేరొక్కటన్న దక్కనియ్యవా?"

వాడు ఒక కాగితం రాసి చింపేశాడు. రెండోది నింపి ఎస్సైకి ఇచ్చాడు. ఎస్సై చదివాడు, మళ్లీ చదివాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు.

"జర గట్టిగ సదువు సారూ. నా కొడుకు దీన్ని ఎట్ల గుంజుకున్నడో నేను గూడ ఇంట" అంది గుర్వమ్మ, మురిపెంగా పిస్తోలు మీది కొంగు తీస్తూ.

ఎస్సై కాగితం మడిచి ఐలేశం వైపు చూశాడు. ఐలేశమే వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నాకు దొరికిందని మురిసి బీరప్పకు సూపెడుతుంటే నా చేతులల్లనే పేలింది, పెద్దమ్మా."