పంపు బిగించినాయన

"ఆ డ్రమ్ము వంటింటి గోడ పక్కన ఉండకూడదమ్మా!"

గేటు అవతల నుంచి మాట వినపడగానే ట్రాక్టరమ్మ ఉలిక్కిపడింది. నోట్లో పెట్టుకుని లాగుతున్న రబ్బరు గొట్టంలోంచి డీజిల్ గొంతు దాకా వచ్చేసింది.

ఉమ్ముకుంటూ తల తిప్పింది. అరవై దాటిన మనిషి. చంకలో రెంచీల సంచి. ఎరిగిన మొహం కాదు.

"మా డ్రమ్ము సంగతి నీకెందుకయ్యా?"

"అలా నోటితో లాగితే ఊపిరితిత్తులు పాడైపోతాయమ్మా. పిడి తిప్పితే డీజిల్ పోసే చేతిపంపు ఉంది. బస్టాండు పక్క వెల్డింగు షెడ్డులో పనిచేస్తాను. నేను బిగించి పెడతాను."

"ఎంత తీసుకుంటావ్?"

"ఏమీ వద్దు."

ఆ రెండు మాటలతోనే ఆమెకు అనుమానం పుట్టింది.

చుట్టుపక్కల ట్రాక్టరు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకే అందరికీ ట్రాక్టరమ్మ అయింది. భర్త లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ. బంకు పన్నెండు కిలోమీటర్లు. దుక్కుల రోజుల్లో డ్రమ్ముడు డీజిల్ ఇంట్లో లేకపోతే పని నడవదు. గొట్టంతో క్యానులోకి లాగాలి, క్యాను భుజానికెత్తి ట్రాక్టరులో వంచాలి. ఆ బరువుకే కుడి భుజం పట్టేసింది.

'ఊరికే చేస్తాననేవాడినే ముందు కనిపెట్టి ఉండాలి' అనుకుంది. కానీ భుజం సరే అనమంది.

ఆయన పంపు తెచ్చాడు. ముందుగా డ్రమ్మును పశువుల కొట్టం పక్క రేకుల షెడ్డులోకి దొర్లించాడు.

"అంత దూరం ఎందుకు?"

"పొయ్యికి దూరంగా ఉంటే మంచిదమ్మా."

దొంగకూ మంచిదే, అనుకుంది ట్రాక్టరమ్మ.

"రోజుకు ఎంత వాడతారమ్మా? మగవాళ్లెవరూ ఉండరా?"

"చూశారా అత్తయ్యా, వాసాలు లెక్కపెడుతున్నాడు" అని అత్తగారి చెవిలో గొణిగింది.

"పెద్దవాడే పాపం. పని ధ్యాసలో అడుగుతున్నాడులే."

ఆయన డ్రమ్ము కింద రెండు దుంగలు పెట్టాడు, అడుగు తుప్పు పట్టకుండా. పంపు గొట్టాన్ని అడుక్కి నాలుగు వేళ్లు పైకే ఉండేలా కోశాడు.

"అడుగున నీళ్లూ మడ్డీ చేరతాయి. అవి ఇంజనులోకి పోకూడదు."

చివరికి పంపుకు తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"తాళం మరవొద్దమ్మా. పెరటి గోడ బాగా పొట్టిది."

ట్రాక్టరమ్మ కళ్లు చిట్లించింది.

"నువ్వు పెరట్లోకి అడుగే పెట్టలేదు. గోడ సంగతి నీకెలా తెలుసు?"

ఆయన వంగి రెంచీలు సర్దుకున్నాడు. "రేపొకసారి వచ్చి ఎక్కడైనా కారుతోందేమో చూసి పోతాను" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారిని ఆడపడుచు ఊరి బస్సెక్కించి వచ్చి, ట్రాక్టరమ్మ డ్రమ్ములో కర్ర ముంచి చూసింది.

జానెడు తగ్గింది!

తాళం వేసినట్టే ఉంది. చెవి మేకుకు వేలాడుతూనే ఉంది. అయితే మాత్రం? తాళం తెచ్చినవాడి దగ్గర రెండో చెవి ఉండదా?

చెప్పినట్టే ఆయన వచ్చాడు. ఆమె గేటు దగ్గరే అడ్డం నిలబడింది.

"జానెడు డీజిల్ ఏమైంది?"

ఆయన షెడ్డు వైపు చూశాడు. నేల పొడిగా ఉంది.

"నేను తీయలేదమ్మా."

"మరి దానికి కాళ్లొచ్చాయా?"

ఆ కేకకు నలుగురూ పోగయ్యారు. పక్కింటి కిరాణా కొట్టాయన సంచి లాక్కుని బోర్లించాడు. రెంచీలతో పాటు బారెడు రబ్బరు గొట్టం పడింది.

"ఇంకేం కావాలి చెల్లెమ్మా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మొహం ఎలా పాలిపోయిందో చూడు!"

"దొంగ!" అంది ట్రాక్టరమ్మ. వీధి వీధంతా వినపడేలా అంది.

ఆయన కింద కూర్చుని రెంచీలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ఆమెకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు దుక్కికి బయల్దేరుతూ ట్రాక్టరు ట్యాంకు మూత తీసింది.

డీజిల్ మూతి దాకా నిండి ఉంది.

వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది.

"నేనే పోశానమ్మాయ్" అంది అత్తగారు. "నిన్న పొద్దున నువ్వు స్నానానికి వెళ్లావు. నీ భుజం సంగతి నాకు తెలీదూ? పిడి తిప్పుతుంటే నీళ్లలా వచ్చేసింది, నా ఒంటికే అలుపు రాలేదు! బస్సు హడావిడిలో చెప్పడం మరిచాను. ఏం, ఎక్కువైందా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

దుక్కి మానేసి బస్టాండు పక్క వెల్డింగు షెడ్డుకు పరుగెత్తింది. షెడ్డు యజమాని మొహం మీది నల్లద్దం పైకెత్తాడు.

"ఆయన నిన్న సాయంత్రమే వెళ్లిపోయాడమ్మా. ఇక్కడ తన పని అయిపోయిందన్నాడు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు."

ట్రాక్టరమ్మ అక్కడే ఇనుప చట్రం మీద కూలబడింది.

"నలుగురిలో దొంగ అనేశానన్నా. కాళ్లు పట్టుకుని క్షమించమందామని వచ్చాను."

షెడ్డు యజమాని ఆమెను పరకాయించి చూశాడు. చేతిలోది కింద పెట్టాడు.

"మీరేనా ఆ ట్రాక్టరమ్మ? నాకొక్కడికే చెప్పుకున్నాడమ్మా... వయసులో ఉండగా ఈ చుట్టుపక్కల ఇరవై మూడు ఇళ్లలో డీజిల్ దొంగిలించాడట, జైలు నుంచి వచ్చాక కూలి చేసి కూడబెట్టుకుని ఆ ఒక్కో ఇంటికీ వెతుక్కుంటూ వెళ్లి పంపు బిగించాడు, మీది ఆఖరి ఇల్లు."