కబాడ్ భాయ్

"ఆ కార్టన్ విప్పప్పా. అవి బయటికి తియ్."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన మాటకు మల్లేశ్‌కు ఒళ్లు మండింది.

మూడేళ్ల తర్వాత ఊరికి పోతున్నాడు. సాయంత్రం విమానం. పొద్దుటి నుంచి కార్టన్ కట్టడమే పని.

దుబాయ్ నుంచి వచ్చేవాడి కార్టన్ అంటే మాటలా! పాలపొడి, సబ్బులు, ఖర్జూరం, నొప్పుల బామ్, భార్య చంద్రవ్వకు దుప్పటి. అన్నీ కుక్కి, పైకెక్కి తొక్కి, తాడు బిగించాలి. సజ్జా లేబర్ క్యాంపుల్లో ఈ విద్య రానివాడు లేడు.

మిగిలిన సందుల్లో ఏడు ఖాళీ వేప్‌లు, అంటే బ్యాటరీ సిగరెట్లు, దూర్చాడు. రూమువాళ్లు పీల్చి పక్కన పెట్టినవి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. నోట్లో పెట్టుకుని పీలిస్తే చివర చిన్న లైటు వెలుగుతుంది. ఆరేళ్ల కొడుకు చూశాడంటే ఇక వాడిని పట్టలేమని తండ్రి మురిపెం.

సరిగ్గా అప్పుడు దిగబడ్డాడు ఖాదర్ హుస్సేన్.

నెల రోజులుగా ప్రతి ఆదివారం ఈయనదే గోల. ఇసుక పోసిన పెయింట్ బకెట్ పట్టుకుని రూము రూము తిరుగుతాడు. అయిపోయిన వేప్‌లు ఉంటే ఇమ్మంటాడు. ఊరు రాయచోటి దగ్గరట. ఏం పని చేస్తాడో ఎవరూ అడగలేదు. బ్యాటరీలు అమ్ముకుంటాడని రూములవాళ్లే తేల్చేసి, కబాడ్ భాయ్, అంటే పాత సామాన్లోడు, అని పేరు కూడా పెట్టారు.

ఆ పేరు పెట్టింది మల్లేశే.

"గవి నా కొడుక్కు చాచా. ఖాళీయే గదా, నీకేం నొప్పి?"

"పొగ అయిపోయిందప్పా, లోపల బ్యాటరీ అయిపోలేదు. నువ్వేమో పైకెక్కి తొక్కితివి. నలిగిందంటే నిప్పే."

"ఏం కాదు తియ్."

"విమానంలో సామానుతో వేయనీరు. వేసినా, నీ కొడుకు నోట్లో పెట్టుకుంటే? లోపల మిగిలిన నీళ్లు విషమప్పా."

"చెప్పేటోనికి వినేటోడు లోకువ! నీ కబాడ్ దందాకు నా కార్టనే దొరికిందా?"

ముసలాయన వంగి, జేబులోంచి చిన్న కత్తి తీసి తాడు కోసేశాడు.

మల్లేశ్ ఆయన చొక్కా పట్టుకుని నెట్టాడు. ముసలాయన వెళ్లి ఇనుప మంచానికి కొట్టుకున్నాడు.

"దొంగతనానికి వచ్చినవా?"

కింది మంచం మీద తోటి రూమువాడు రత్నాకర్ అటు తిరిగి పడుకున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు, ఏనుగు తొక్కినా లేవడు.

ఖాదర్ హుస్సేన్ మోచేయి రుద్దుకుంటూ లేచాడు. కార్టన్‌లో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీశాడు. ఏడోది నడుమ వంగిపోయి ఉంది.

"పట్టుకుని చూడు."

మల్లేశ్ వేలు తగిలించి వెనక్కి లాక్కున్నాడు. ఎవరూ పీల్చకుండానే అది కాలుతోంది.

ముసలాయన దాన్ని ఇసుకలో పూడ్చి, బకెట్ తీసుకుపోయి ఆరుబయట నడిమధ్యన పెట్టాడు.

"ఎవర్నీ దగ్గరికి రానీయొద్దు. మిగిలిన ఆరింటికీ వేరువేరుగా టేపు చుట్టి వాచ్‌మన్ ఆసిమ్‌కు ఇయ్యి. పాత బ్యాటరీలు తీసుకునే చోటు ఆయనకు తెలుసు. చెత్తలో మాత్రం వేయొద్దప్పా. నాకు టైమ్ అయింది."

వెళ్లిపోయాడు.

మల్లేశ్ గొణుక్కుంటూ ఒకటికి టేపు చుట్టాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడో లేదో, బయట సుయ్‌మని చప్పుడు.

ఇసుకను చీల్చుకుని మూరెడు మంట లేచింది. నల్లటి పొగ. బకెట్ అంచు కరిగి కిందికి జారింది. కాసేపటికి అదే చల్లారింది.

మల్లేశ్ గడప మీద కూలబడ్డాడు.

వెనక్కి తిరిగి చూశాడు. కార్టన్‌కూ రత్నాకర్ తలకూ నడుమ జానెడు దూరం కూడా లేదు. రత్నాకర్ గురక పెడుతున్నాడు. ఏడాదిగా తిట్టుకున్న ఆ గురక ఇప్పుడు ఎంత హాయిగా ఉందో!

"గట్టెక్కినం రా దేవుడా," అనుకున్నాడు. కొడుకు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే నవ్వాడు.

చాచా కాళ్లు మొక్కాలి. గేటు దాకా పరుగెత్తాడు.

"ఆసిమ్ భాయ్, ఖాదర్ చాచా ఏడి?"

వాచ్‌మన్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడే ఎయిర్‌పోర్ట్ వ్యాన్ ఎక్కిండు. వీసా క్యాన్సిల్ అయింది, ఖలాస్. మళ్ల రాడు."

"క్యాన్సిలా? ఏం పని చేస్తుండె?"

"తెల్వదా? మన క్యాంపు చెత్త లారీ డ్రైవర్. మీరు లేవక ముందే వచ్చిపోతుండె. పోయిన నెల లారీ కాలింది సూడు, గా లారీ."

"ఎట్ల కాలింది?"

"మనోడే ఎవడో వేప్ చెత్తల పడేసిండు. చెత్తను నొక్కే మిషన్ కింద నలిగి అంటుకుంది."

మల్లేశ్‌కు గుర్తొచ్చింది. ఊరికి టికెట్ ఖాయమయ్యే దాకా, తను పీల్చినవన్నీ పోయింది ఆ చెత్తలోకే.

"మరి చాచాది తప్పేముంది భాయ్?"

"వాళ్ల ముదీర్, గా పెద్ద మేనేజర్, వచ్చి ఏ క్యాంపు చెత్త అని అడిగిండు. మన క్యాంపు పేరు చెప్తే వేప్‌ల కోసం రూములన్నీ వెతికి, మీలో సగం మందిని ఇంటికి పంపుతుండ్రి."

ఆసిమ్ గొంతు తగ్గించాడు.

"నేను పక్కనే ఉన్న. 'నా సిగరెట్టే పడింది సాబ్' అన్నడు, జిందగీల ఒక్క సిగరెట్ తాగనోడు."