ఆరుగురికి ఐదు సీట్లు

"నేను దిగను!" అంది పెద్దావిడ.

షోరూములో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఏడు సీట్ల పెద్ద కారులో, అన్నిటికన్నా వెనక వరసలో, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చుందావిడ.

కొడుకు తల పట్టుకున్నాడు. అతనికి బాత్‌రూము టైల్స్ దుకాణం. రోజంతా వచ్చినవాళ్ళని మాటల్తో ఒప్పించడమే పని. కన్నతల్లి దగ్గర మాత్రం ఆ పప్పులుడకవు.

"అమ్మా, మనం కొనేది ఇది కాదే. ఆ పక్కనున్నది. దాని పైకప్పు మొత్తం అద్దమే! మీట నొక్కితే సీటే నడుం పడుతుంది!"

"నా నడుం సంగతి తర్వాత. దానికి సీట్లెన్ని?"

"ఐదు."

"మనం ఎంతమందిమి?"

"నలుగురం."

"కోడలి కడుపులో ఉన్న ఇద్దరినీ డిక్కీలో పడుకోబెడతావా?"

కొడుకు గతుక్కుమని భార్య వైపు చూశాడు. పక్కనే ఏడు నెలల పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడ్డ కోడలు నవ్వాపుకుంది. ఆమె పళ్ళ డాక్టరు. ఎంతెంత మొండివాళ్ళ చేతైనా నోరు తెరిపిస్తుంది గానీ, అత్తగారు నోరు తెరిస్తే తను మూసుకుంటుంది.

"ఆరుగురికి ఐదు సీట్లు. మిగిలేదెవరో నాకు తెలీదనుకున్నావా?" అంది పెద్దావిడ. "ముందు మీ మొగుడూ పెళ్ళాలు. వెనక పసివాళ్ళిద్దరు. మధ్యలో ఉన్న సందులో మీ నాన్న ఎలాగో ఇరుక్కుంటారు, ఆయన సన్నం. నేను మాత్రం కిటికీలోంచి నా మనవలకి టాటా చెప్పుకుంటూ ఉండాలి. అంతేగా?"

"అబ్బా, అలా ఎందుకనుకుంటావే?"

"ఎలా అనుకోమంటావ్? నువ్వు చెప్పు, అలాగే అనుకుంటా!"

కొడుకు బుర్ర గోక్కున్నాడు. పాపం, అతను ఇంజనూ రంగూ చూశాడు గానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. "మేడం, ఏడు సీట్లదీ మంచి బండే..." అని సేల్స్‌మాన్ అందుకోబోయి, కొడుకు చూసిన చూపుకి తోక ముడిచాడు.

కోడలు కారు దగ్గరికొచ్చింది. "అత్తయ్యా, మిమ్మల్ని ఆ వెనక కూర్చోబెట్టడం నాకిష్టం లేదు."

అంతే, అగ్గి మీద గుగ్గిలమైపోయింది పెద్దావిడ. "విన్నావట్రా? ఆఖరి వరసలో కూడా వద్దట నేను!"

"అయ్యో, నేనన్నది..."

"అర్థమైందిలే అమ్మాయ్. కొంటే ఈ బండి కొనండి. లేదంటే నన్నిక్కడే వదిలేసి పొండి. ఇక నేను దిగేదే లేదు!"

ఇంతసేపూ పెద్దాయన మెషీన్ దగ్గర కాఫీ మీద కాఫీ తాగుతున్నాడు. భార్య అలిగితే కాస్త దూరంగా ఉండడం ఆయనకి పెళ్ళైన కొత్తల్లోనే అలవాటైంది. ఇక తప్పక వచ్చి, కారులోకి తొంగి చూసి, పెదవి విరిచాడు.

"ఒరేయ్, అలకా కాదు పాడూ కాదు. మీ అమ్మ దిగలేకపోతోంది. మోకాలు పట్టేసింది."

"మీకెవరు చెప్పారు?" అంది పెద్దావిడ.

"నీ మొహమే చెబుతోంది."

పెద్దావిడ మొహం తిప్పుకుంది. కొడుకు అప్పుడు గమనించాడు. తల్లి మోకాళ్ళు ఇంచుమించు గడ్డానికి తగులుతున్నాయి. బ్యాగు కింద దాచిన చేత్తో మోకాలు నొక్కుకుంటోంది. అతని ప్రాణం ఉసూరుమంది.

సేల్స్‌మాన్ గబగబా ఆవిడ ముందున్న సీటు మడిచాడు. కొడుకు తల్లి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. "ఎడమ కాలు ముందు, అత్తయ్యా. ఆఁ, అలా. కంగారు లేదు" అంటూ కోడలు దారి చెప్పింది. మొత్తానికి పెద్దావిడ బయటపడి, ఉస్సురంటూ కోడలి భుజం పట్టుకుంది.

"ఇందుకే వద్దన్నా" అంది కోడలు. "రోజూ ఆ సందులోంచి దూరి ఎక్కుతారా మీరు? ఇలా రండి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఐదు సీట్ల కారు వెనక తలుపు తీసి, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టింది. మెత్తటి సీటు. కాళ్ళు చాపుకోవడానికి బోలెడంత చోటు.

"మీకు ఇటొకళ్ళు, అటొకళ్ళు. ఈ పక్క ఏడిస్తే ఈ చెయ్యి, ఆ పక్క ఏడిస్తే ఆ చెయ్యి. పోయిన వారమే వచ్చి, రెండు పక్కలా పిల్లల సీట్లు పెట్టించి, మధ్యలో నేనే కూర్చుని చూశా. ఈ పొట్టతో నేనే పట్టాను, మీరు పట్టరా?"

పెద్దావిడ కళ్ళు చెమర్చాయి. కోడలి బుగ్గ నిమిరింది.

"పిచ్చిపిల్లా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిస్తేగా!"

"కన్నకొడుక్కి తట్టలేదు చూడు ఈ ఆలోచన! మరి మీ మావయ్యగారో?"

"ముందు, నా పక్కన. వెనక కూర్చుంటే ఆయనకి తల తిరుగుతుందిగా. బండి నేనే నడుపుతా."

కొడుక్కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "హమ్మయ్య! ఇంకేం, బుక్ చేసెయ్యండి. నీలం రంగుది!" అని సేల్స్‌మాన్ వీపు చరిచాడు. రెండడుగులు వేసి, టక్కున ఆగిపోయాడు. ఒక్కో వేలూ ముడుస్తూ లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు.

"అదేంటి... మరి నేనో?"

తల్లి మధ్య సీట్లో హాయిగా వెనక్కి వాలి, కొడుకు వైపు ప్రేమగా చూసింది.

"నీకేం నాన్నా, కుర్రాడివి. వెనకాలే బస్సులో వచ్చెయ్!"