బాదం ముద్దలు

"బాలింతను. నాకూ గుప్పెడు బాదం పప్పు ఇయ్యరాదా?" అని మరియంబీ మొగుణ్ణి అడిగింది.

పందెం పావురానికని తెచ్చిన పొట్లాన్ని గౌస్ పక్కకు జరుపుకున్నాడు. "నువ్వేమన్నా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఎగిరి రావల్లనా? సంగటి తిను, సాలు."

పాలు చాలక ఏడుస్తున్న పిల్లను మరియంబీ భుజాన వేసుకుంది. అప్పుడామె మనసులో ఏముందో, ఆమెకైనా తెలుసో లేదో. మర్నాటి నుంచి తనే బాదం నూరి, నెయ్యి కలిపి, ముద్దలు కట్టి మిద్దె మీదికి తీసుకుపోయేది. ఒక్క పలుకైనా నోట్లో వేసుకోలేదు. పెళ్ళానికి బుద్ధి వచ్చిందని గౌస్ నిశ్చింతగా మిల్లుకు పోయేవాడు.

పందెం నాడు ఎమ్మిగనూరులో వదిలిన పావురాల్లో ఎదురింటాయనది అన్నిటికన్నా ముందు వచ్చి వాలింది. గౌస్ పావురం అన్నిటికన్నా వెనక, రొప్పుతూ వచ్చింది.

"ఏం మేపినావప్పా దానికి?" అన్నాడు గౌస్.

"నేనేం మేపల్యా గౌసన్నా. నెల దినాలుగా మా ఇంట్లో గింజ ముట్టితే ఒట్టు. తెల్లారితే మీ మిద్దె మీద వాలి, మీ ఇంటామె చేతిలో ముద్దలు తిని వస్తాది. నువ్వే పెట్టమన్నావేమో అనుకుంటి."

గౌస్ వెనక్కి తిరిగాడు. వాకిట్లో మరియంబీ, గెలిచిన పావురాన్ని పిల్లకు వేలెత్తి చూపిస్తోంది.