ఒకింటి భాషలు

"నాన్నా, ఇవాళ మాత్రం భాషల గొడవ ఎత్తకు" అంది క్లారిస్, గది తలుపు మూసి దానికి ఆనుకుని.

ఎవారిస్ట్ కాఫాండో గుండీలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగాడు. బయట కారు తలుపులు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్లనడగడానికి సరిహద్దు అవతలి కొరోగో ఊరి నుంచి సెనుఫో తెగవాళ్ళు వచ్చేశారు. వాళ్ళ కుర్రాడు నావా అంటే క్లారిస్‌కి ప్రాణం.

"నేనెందుకు ఎత్తుతానే?"

"వాళ్ళు ఎత్తితే?"

వాగదూగు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పినంత కాలం ఆయన ఒకే మాట మీద నిలబడ్డాడు. తాము మాట్లాడే మోరే, పక్కనున్న గుర్మా, కాసెమ్, దక్షిణాన దగ్‌బానీ, ఇవన్నీ గుర్ అనే భాషా కుటుంబంలో అక్కచెల్లెళ్ళు. సెనుఫోని మాత్రం పాత పండితులు తొందరపడి ఈ ఇంట్లో చేర్చారు, అది వేరే ఇంటి బిడ్డ. ఈమధ్య రేడియోలో కూడా అదే చెప్పాడు. అటూ ఇటూ అందరికీ వచ్చిన జులా భాషలోకి మార్చి ప్రసారం చేస్తే కొరోగో అంతా విన్నదట.

"వాళ్ళని బయటివాళ్ళని అన్నావు నాన్నా" అంది క్లారిస్. ఆ గొంతులో కోపం లేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎవారిస్ట్ కూతురి తల నిమిరి బయటికి నడిచాడు.

వాకిట్లో వేపచెట్టు నీడన అందరూ కూర్చున్నారు. ఆయన భార్య ఫిలోమెన్ సజ్జపిండి కలిపిన చల్లటి నీళ్ళు సొరకాయ బుర్రలో తెచ్చి ఒక్కొక్కరికీ అందించింది. వచ్చినవాళ్ళలో పెద్ద నావా మేనమామ పెలెగే. పొడుగాటి మనిషి, నింపాదైన మాట. వాళ్ళలో పెళ్ళి విషయం మేనమామ నోట రావలసిందే. ఆయన కాళ్ళ దగ్గర కోలాకాయల బుట్ట ఉంది. అది ఆడపిల్ల తండ్రి చేతికి మారితే సంబంధం కుదిరినట్టే.

ఇద్దరిదీ కాని జులా భాషలో వానల గురించి, పత్తి గురించి, గుంతలు పడ్డ రోడ్డు గురించి మాట్లాడుకున్నారు. పెలెగే బుట్ట మీద చెయ్యి వేశాడు. ఎత్తబోయి ఆగాడు.

"ప్రొఫెసర్ గారూ, ఇది మీ చేతికిచ్చే ముందు ఒక్కటి అడగాలి. రేడియోలో మీ మాట విన్నాం. మీ భాషా మా భాషా ఒక తల్లి బిడ్డలు కావన్నారు. ఇప్పటికీ అదే మాట మీదున్నారా?"

నావా తల దించుకున్నాడు.

రుజువులన్నీ ఎవారిస్ట్ నాలుక చివర ఉన్నాయి. నీళ్ళని తాము కోమ్ అంటారు, వీళ్ళ మాటకీ దానికీ పోలికే లేదు. అలాంటివి తెల్లవార్లూ చెప్పగలడు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. క్లారిస్ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. తండ్రి వైపు చూడటం లేదు, నేల చూపులు చూస్తోంది.

"లేదండీ" అన్నాడు ఎవారిస్ట్. "నేను పొరబడ్డాను. మూడుని మేం తాబో అంటాం, మీరు తాన్రి అంటారు. మాట చివర తోక తగిలించడం మాకూ ఉంది, మీకూ ఉంది. మనం ఒకింటివాళ్ళమే."

ఫిలోమెన్ చేతిలో బుర్ర ఒరిగి నీళ్ళు ఒలికాయి. మూడు అన్న మాట ఇక్కడినుంచి సముద్రం ఒడ్డు దాకా అన్ని భాషల్లోనూ అలాగే ఉంటుందనీ, దాన్ని పట్టుకుని చుట్టరికం కలిపేవాడు చదువుకోనట్టేననీ, ఆయన విద్యార్థుల్ని కేకలేయడం ఆవిడ చాలాసార్లు విన్నది. ఇప్పుడు భర్త ముఖంలోకి చూసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

పెలెగే లేచి కౌగిలించుకుంటాడనుకున్నాడు ఎవారిస్ట్. ఆయన బుట్టని తన వైపుకి లాక్కున్నాడు. వెనకున్న ముసలాయనతో సెనుఫోలో ఏదో గొణిగాడు. ఎవారిస్ట్‌కి ఆ భాష బాగానే వచ్చు. ఇక లేద్దామా అంటున్నారు వాళ్ళు. నావా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

క్లారిస్ గరిటె పక్కన పెట్టి వచ్చింది. తండ్రి కుర్చీ వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"పెద్దయ్యా, మా నాన్న ఇప్పుడన్నది ఆయన నమ్మిన మాట కాదు. నాకోసం అన్నారు. రేడియోలో చెప్పిందే నిజమని ఆయన నమ్మకం. రాత్రీ పగలూ దానికోసమే కష్టపడ్డారు. నా పెళ్ళికని ఆయన చేత అబద్ధం ఆడించలేను. కోపమొస్తే నన్ననండి, ఆయన్ని కాదు."

"క్లారిస్" అన్నాడు ఎవారిస్ట్. భుజం మీదున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

పెలెగే ఆ తండ్రీకూతుళ్ళని చూశాడు. గుండెల్లోని ఊపిరంతా వదిలి, కోలాకాయల బుట్ట తెచ్చి ఎవారిస్ట్ ఒళ్ళో పెట్టాడు.

"బతికించావు తల్లీ. మీరూ మేమూ ఒకింటివాళ్ళమని పుస్తకాల్లో ఉందట, అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటని మా ఇంటి ముసలమ్మ అడ్డం కూర్చుంది. కాదని రేడియోలో మీరు చెప్పబట్టే ఒప్పుకుంది బావగారూ!"