పెంటయ్య నూనె డబ్బా

"నూనె పోయ్ పిల్లా! ఏం చూస్తున్నవ్?"

పాత మెకానిక్ పెంటయ్య నూనె డబ్బాను సునీత ముఖం ముందు ఆడించాడు. రావిర్యాల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో, అట్టపెట్టెలను బెల్టు మీదికి తోసే గాలి సిలిండర్ సగం దూరం వెళ్లి మొరాయిస్తోంది. పదకొండింటికి లారీ ఎయిర్‌పోర్టుకు కదలాలి.

సునీత మెకానిక్ శిక్షణ ఇవాళ్టితో ఆఖరు. ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ ఇవాళే ఓ పరీక్ష పెట్టి తేలుస్తామని మేనేజర్ రాజశేఖర్ పొద్దున్నే చెప్పాడు. ఏం పరీక్షో, ఎవరు పెడతారో మాత్రం చెప్పలేదు.

"వద్దు కాకా. ఇది లోపల గ్రీజు పెట్టి పంపిన సిలిండర్. ఒక్కసారి నూనె పోస్తే ఆ గ్రీజంత కొట్టుకపోతది. ఇగ రోజూ పోస్తనే ఉండాలె. అది గాలిల కలిసి మందుల మీద పడ్తది."

"ముప్పై ఏండ్ల సంది పోస్తున్న. నాకే చెప్తవా?"

"చెప్త. తిడితే తిట్టు గానీ, పొయ్యనియ్య."

ప్యాకింగ్ చేస్తున్న తారాబాయి కిసుక్కున నవ్వింది. "పెంటన్నకే ఎదురు చెప్పినవా? ఇగ ఇంటికే బిడ్డా!"

సునీత సిలిండర్ దగ్గర వంగింది. గాలి కట్టేసి, ఫిల్టర్ కప్పు విప్పింది. అడుగున తెల్లటి మురికినీళ్లు. వంపేసింది. గాలి బయటికి పోయేచోట ఉన్న ఇత్తడి సైలెన్సర్‌ను ఊడదీసి వెలుతురుకు పట్టింది. నల్లటి జిడ్డు!

"దొరికింది కాకా! గాలి బయటికి పోతలేదు, గందుకే ఆగుతుంది. కొత్తది కావాలె. స్టోరుకు ఉరుకుత!"

"ఉరుకుడెందుకు?" పెంటయ్య విసుక్కుంటూ జేబులోంచి కొత్త సైలెన్సర్ తీసిచ్చాడు. చేతులు తుడుచుకోవడానికి ఉతికిన గుడ్డ కూడా ఇచ్చాడు.

సునీత దాన్ని బిగించి గాలి వదిలింది. సిలిండర్ చివరిదాకా దూసుకెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. పెట్టెలు ఒకదాని వెంట ఒకటి జారుతుంటే తారాబాయి ఈల వేసింది.

"కాకా, ఎదురు చెప్పిన అని సారుకు చెప్పకు జర."

"చెప్తనే!" డబ్బాను బల్ల మీద పెట్టి, పెంటయ్య విసవిసా మేనేజర్ గదిలోకి వెళ్లాడు.

సునీత ఆ గది తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"సునీతా!" గదిలోంచి రాజశేఖర్ కేక. "జాయినింగ్ కాగితం మీద దస్తకత్ పెడ్దువు రా!"

ఒక్క గెంతు గెంతింది. వెళ్తూ వెళ్తూ, డబ్బాను దాని చోట పెడదామని ఎత్తింది. దూదిలా తేలిపోయింది. మూత తీసి తలకిందులు చేసింది.

ఒక్క చుక్క నూనె లేదు.